బిందో మూరబద్ద

రొక్కాలుంగ కొండ మీద పెద్ద చర్చికి పునాది తవ్వినవాళ్ళ మనవలు కూడా మట్టిలో కలిశారు. చర్చికి కప్పు మాత్రం పడలేదు. అందుచేత అక్కడ ఎవరికీ తొందర ఉండేది కాదు. అలాంటి పనిలోకి రెండు రోజుల దూరాన ఉన్న వెస్పియానో నుంచి, భార్యనూ తండ్రి ఇచ్చిన మూరబద్దనూ వెంటబెట్టుకుని వచ్చాడు రాతిపనివాడు బిందో.

నాలుగో స్తంభం రాళ్ళు అతని వంతుకు వచ్చాయి. వేసవంతా చెక్కాడు. నిలబెట్టి చూస్తే పక్కవాటికన్నా ఆరు వేళ్ళు పొట్టి.

ఆ కాలంలో ఏ ఊరి మూర ఆ ఊరిదే. వెస్పియానో మూర రొక్కాలుంగ మూరకన్నా అర వేలు తక్కువ. పన్నెండు మూరల స్తంభంలో ఆ అర వేలు సంసారం పెంచుకుంది.

రాయి పాడుచేసినవాణ్ణి పొద్దుగూకేలోగా వెళ్ళగొట్టడం అక్కడి కట్టుబాటు. బిందో భార్య లాపాకు నెలలు నిండాయి.

"ఏం బావా, మీ ఊళ్ళో దేవుడు వంగి నడుస్తాడా?" అన్నాడు పక్క స్తంభం చెక్కిన గీనో.

పెద్ద మేస్త్రి తూరా వచ్చి, స్తంభం చుట్టూ శవయాత్ర వేగంతో ఒక చుట్టు తిరిగాడు.

"ఏ మూరతో కొలిచావురా?"

"మా ఊరిదండీ."

"మీ ఊళ్ళో బట్టల కొట్లవాళ్ళు సుఖంగా బతుకుతుండాలే."

బిందో ఉలులు సర్దుకోబోయాడు.

"ఆగవోయ్. ఆ మూడో కిటికీ చూడు, వెడల్పెక్కువ. నా మొదటి ఏడాది ఘనకార్యం. తర్వాతివాళ్ళు అదే పద్ధతి కాబోలనుకుని అన్నీ అలాగే కట్టారు. ఇప్పుడు మొదటి రెండే తప్పుగా కనిపిస్తాయి. స్తంభం దింపి, కింద ఆరు వేళ్ళ పీఠం వెయ్యి. దానిమీద ద్రాక్షతీగ చెక్కు. చెక్కడం ఉన్నచోట ఎవడూ కొలత అడగడు."

ఎవడూ అడగలేదు. పైగా బిషప్పుగారు తీగను చూసి మురిసి, ఇకముందు అన్నిటికీ పీఠాలుండాలని సెలవిచ్చారు. ఆ వరసలో మిగిలిన ఏడు స్తంభాలూ శాస్త్రోక్తంగా వెస్పియానో మూరతోనే లేచాయి. గీనో ఆ బద్దను అరువడగవలసి వచ్చింది. అడిగినప్పుడు బావా అనలేదు, బిందోగారూ అన్నాడు.

లాపా ఆ ఊళ్ళోనే ప్రసవించింది. పుట్టింది ఆడపిల్ల కావడంతో మేస్త్రి పేరు పెట్టడం కుదరక బిందో కొంతకాలం దిగులుపడ్డాడు; రెండేళ్ళకు కొడుకు పుట్టి ఆ ముచ్చట తీర్చాడు.

తూరాకు చూపు మందగించాక, ప్రతి ఆదివారం బిందోయే చెయ్యి పట్టుకుని ప్రార్థనకు నడిపించేవాడు.

"నీకు వేరే పని లేదుట్రా?" అని కసిరేవాడు ముసలాయన.

"ఉందండీ. తమరు ఉంచారు కనకే ఉంది."

తూరా కాలితో ముందు నేల తడిమాడు.

"సరే, సరే. ముందు మెట్టుందేమో చూడు," అన్నాడు.