తలుపు ఏ చేతివైపు?

స్టాంపుప్యాడు సిరా వాసన తగిలితే చాలు, బందరులో రత్నంగారి గది గుర్తొస్తుంది. నిన్న బ్యాంకులో తగిలింది. రవాణా కార్యాలయం ఎదుట బళ్ళ కాగితాలు రాసిపెట్టేవారు ఆయన. నేను ఆయన దగ్గర జోకులు వేసేవాణ్ణి, మిగిలిన టైములో పనిచేసేవాణ్ణి. బండి చుట్టూ తిరిగి, ఛాసిస్ నంబరు వేలితో తడిమితే గాని ఆయన కలం మూత తీసేవారు కాదు. చర్చికెళ్ళే మనిషి పాత స్కూటరుకు ప్రదక్షిణ చేస్తున్నారని ఊరంతా చెప్పింది నేనే.

కువైట్ నుంచి వచ్చేస్తున్న నర్సు మరియమ్మగారి కారు విషయంలో ఆ వీలు లేకపోయింది. ఎనిమిదేళ్ళ కష్టంతో కొనుక్కున్న కారు. నాగాయలంకలో పనిలేకుండా ఉన్న తమ్ముడికి అదే బతుకుతెరువవుతుందని ఆమె ఆశ. తిరిగొచ్చేవాళ్ళు అలా కారు వెంట తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ స్టీరింగు కుడివైపు ఉండాలి. ఉందని ఆమె ఫోనులో చెప్పారు. రత్నంగారికి నమ్మకం కుదరలేదు.

“అక్కడి బళ్ళకి ఎడమేగా ఉండేది. కారుకి ఎదురుగా నుంచుని చెప్పారేమో ఆవిడ. డ్రైవరు సీట్లో కూర్చోమని, తలుపు ఏ చేతివైపుందో అడిగిరావయ్యా,” అన్నారు.

“కూర్చున్నాక స్టీరింగే కనపడకపోతే ఏం చెప్పమంటారండీ?” అన్నాను. ఆయన నవ్వలేదు. ఫోను బూతు దాకా వెళ్ళాను. అక్కడ జనాన్ని చూసి, టీ తాగి తిరిగొచ్చాను. అడిగానని, కుడేనని చెప్పాను.

కారు ఓడ దిగింది. స్టీరింగు ఎడమవైపు ఉంది. రేవులో ఆపేసి, చివరికి వెనక్కి పంపించేశారు. ఆర్నెల్లకు మరియమ్మగారూ దాని వెనకే కువైట్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఒకసారి గదికి వచ్చారు. ఏడిస్తే బాగుండేది, ఏడవలేదు. రత్నంగారు లేచి నిలబడ్డారు.

“నాదే పొరపాటమ్మా. నేను సరిగ్గా చూసుకోలేదు.”

ఆమె వెళ్ళాక నన్ను ఒక్కటే అడిగారు, ఆరోజు ఫోను చేశావా అని. మొదటిసారి నాకు జోకు తట్టలేదు. లేదన్నాను. ఆయన తిట్టలేదు. ఆ తర్వాత నేను ఏది చూసొచ్చానన్నా, చెప్పులు వేసుకుని తనూ వెళ్ళి చూసొచ్చేవారు. పోయేదాకా అంతే.

ఇప్పుడు ఏ బండి కాగితమైనా నేనే వెళ్ళి చూసిగాని రాయను. రత్నంగారు నేర్పారని చెప్పుకుంటాను. ఎలా నేర్పారో చెప్పను.

పోయినేడు పామర్రు బస్టాండులో మరియమ్మగారు కనిపించారు. “పాపం, మంచాయన బాబూ రత్నంగారు. ఆ ఒక్కటీ చూసుకోలేకపోయారు,” అన్నారు. కాదండీ, అనబోయాను. ఏనాడూ టైముకు రాని బస్సు ఆ రోజు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీలోంచి చెయ్యూపారు. నేను ఎక్కాల్సిందీ ఆ బస్సే. తర్వాతది ఎక్కాను.