లక్కతో అతికించిన ములికి

మొన్న మా మనవడు విరిగిన కుర్చీ కాలును గొట్టంలోని జిగురుతో అతికిస్తుంటే ఇల్లంతా ముక్కు మండే వాసన లేచింది. కిటికీ తెరవబోయిన నాకు ఎందుకోగానీ వేడికి మెత్తబడే లక్క వాసన గుర్తొచ్చింది. కొంచెం తీపి, కొంచెం కమురు కలిసి, ఎండ తగిలిన గడ్డివాములా వెచ్చగా ఉండేదా వాసన. పెద్దయ్యాక డైరీ రాయకుండా ఒక్కరోజూ పడుకోలేదు గానీ, అప్పటికి నాకింకా అక్షరాలే కుదరలేదు కాబట్టి ఏ సంవత్సరమో చెప్పలేను. నందికొండ ఆనకట్ట పనులకు మా కేతేపల్లి వైపు నుంచి కూలీలు మూటాముల్లె సర్దుకుని పోతున్న రోజులవి.

మా ఊళ్లో దసరా నాడు జమ్మికి మొక్కాక, వానలకు నానిన తాటిమొద్దును చేను గట్టున నిలబెట్టి మగవాళ్లు బాణాలు వేసేవారు. గురి తగిలితే చాలదు, లాగినప్పుడు బాణం ఇనుప ములికితో సహా బయటికి రావాలి. వెదురు కొసలో చండ్రకట్టె మేకు దిగ్గొట్టి, ఆ మేకుకు ములికి గొట్టాన్ని తొడిగి అతికించేవారు. ఒక ఏడు మా బాపు, అంటే నాన్న, వేసిన బాణం మొద్దు నడిమికే తగిలింది గానీ, లాగితే ఉత్త వెదురు చేతికొచ్చింది. తుమ్మబంకతో అతికించాడు, బతుకమ్మ నాళ్ల ముసురుకు అది నాని వదిలేసింది.

"ఏంది బావా, మొద్దుకు ఇనుము కట్నమిచ్చినవా?" అన్నాడు మా మేనత్త భర్త మల్లయ్య మామ. ఆ పూట నుంచి బాపు సగంబాణమాయన, నేను సగంబాణం పిల్ల. చింతగింజలాటకు కూర్చున్నా, తంగేడు పూలకు పోయినా అదే పిలుపు. బాపు నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. "ఈయేడు గూడ ఊడితే నేను బడికి పోను బాపూ" అని చెప్పేశాను.

మరుసటేడు బాపు మొదట గుగ్గిలం పెట్టి చూశాడు. పట్టయితే గట్టిదే, కానీ పెరటి మొద్దుకు కొట్టగానే పెళుక్కున పగిలింది. అప్పుడు మా అవ్వ, అంటే బాపు తల్లి, హుజూర్‌నగర్ సంతలో గాజులవాళ్ల దగ్గర లక్క కొనుక్కొచ్చింది. ఉత్త లక్కా పెళుసేనని అందులో కాస్త తేనెమైనం, మెత్తగా నూరిన ఇటుక పొడి కలిపింది. పక్క పొయ్యిలో సద్దుల బతుకమ్మకు నువ్వులు చిటపటలాడుతుంటే, ఈ పొయ్యి దగ్గర నేను ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నాను. నిప్పు ఎర్రగా ఉండాలి గానీ మంట లేవకూడదు. ఇనుము కాగాలి గానీ కట్టె కాలకూడదు. నూనె రాసిన జడ సవరించుకుని ఆ చేత్తోనే మేకును ముట్టుకున్నానని అవ్వ కసిరింది.

"నీ నెత్తి నూనె దానికి రాస్తవా? గట్ల జారుడుబండ జేస్తే లక్క ఏడ నిలుస్తదే?"

మేకును బూడిదతో తోమి, ఆరబెట్టి, కత్తి కొసతో గరుకు చేసి, కరిగిన లక్క పూసి, కాగిన ములికిని మెలితిప్పుతూ తొడిగించింది. అంచున పొంగిన లక్కను తడి వేలితో నొక్కింది. చల్లారాక బాపు పళ్లబిగువున లాగి చూశాడు. కదల్లేదు.

మా వైపు ఇంట్లో పదిలంగా దాచవలసినదేదైనా పొయ్యి మీది ఉట్టికే చేరేది. విత్తనాల మూట, చింతపండు, ఎండిన మాంసం తునకలు, అన్నీ పొగలోనే. వెదురుకు పురుగు పడుతుందని అవ్వ బాణాన్నీ అక్కడే కట్టింది. పండుగ ముందురోజంతా గారెలకు, అప్పాలకు పొయ్యి ఆరనేలేదు. పొద్దున బాపు బాణం దింపితే ములికి పండిన జొన్నకంకిలా తలవాల్చింది.

"నేను ఈయేడు ఎయ్యనే అవ్వా" అని బాపు గడప మీద చతికిలబడ్డాడు. నేను బావురుమన్నాను.

అవ్వ ములికిని అటూ ఇటూ తిప్పి చూసి ఫక్కున నవ్వింది. "కరిగితే సచ్చిందారా? బంకైతే పాయె అనుకోవాలె. గిది కాగితే మల్ల అతుకుతది. ఏడ్సుడాపి ఊదవే!"

ముక్కు చీదుకుని ఊదాను. బాపు ములికిని సెగకు చూపి, నిలువుగా సరిచేసి, బాణాన్ని సన్నెకల్లు మీద దొర్లించి వంకర లేదని చూసుకున్నాడు. ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టి గట్టు దాకా చంకలో పెట్టుకునే నడిచాడు.

సాయంత్రం బాపు బాణం నడిమికి కాదు, ఒక పక్కగా దిగింది. దాన్ని లాగే హక్కు తనదేనని మల్లయ్య మామ ముందుకొచ్చాడు. మొద్దుకు కాలు తన్నిపెట్టి గుంజాడు, రాలేదు. రెండు చేతులా గుంజాడు. నేను కళ్లు మూసుకున్నాను. దభీమని చప్పుడైతే తెరిచి చూశాను. మామ బురదలో వెల్లకిలా పడి ఉన్నాడు, చేతిలో బాణం మాత్రం ఆకాశం వైపు నిలబెట్టి ఉంది. కొసన ములికి మెరుస్తోంది.

"ఉన్నది బావా, ఉన్నది! గా లక్కేదో నా చెప్పులకు గూడ జర పెట్టు!" అని అక్కణ్నించే అరిచాడు. ఊరంతా నవ్వింది. లేపడానికి చెయ్యిచ్చిన బాపును పట్టుకుని లేచి, బురద చేత్తోనే నా తల నిమిరి, "దా, సుశీలా, జమ్మి పెడ్త" అన్నాడు. ఆ ఏడాదిలో నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

ఆ గట్టు మీద ఇప్పుడు ఇళ్లు లేచాయి. జమ్మి ఆకు పంచుకుంటున్నారు గానీ బాణాలు ఎవరూ వేయరు. ములికి అతికించడం తెలిసినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. అవ్వ, బాపు, మామ ఒకరి వెంట ఒకరు పోయారు. ఊరికి వెళ్తే పిల్లలు నమస్తే టీచర్ అని మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. సంతోషమే. కానీ అప్పుడప్పుడు, ఏ అరుగు మీది నుంచైనా ఒక్కరు, "ఓ సగంబాణం పిల్లా, ఎప్పుడొచ్చినవే?" అంటే బాగుండుననిపిస్తుంది.