నింద మిర్చిది, దుమ్ము నా విమానానిది

ఏడో తరగతి మూడేళ్లు చదివాను. నాకంత నచ్చింది. నాలుగో ఏడు మాష్టారికి నేను నచ్చలేదు. అప్పట్నుంచి గుంటూరులో నీళ్ల మోటార్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. అలాంటివాణ్ణి యుద్ధవిమానం కట్టబోయాను. అది గాల్లోకి లేవకముందే మా ఆవిడ నాగమణి మంచాన పడింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానం బొమ్మని ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, జిరాక్స్ షాపులో పెద్దది చేయించాను. ఐదడుగుల రెక్కలు, వాటి లోపల బాల్సా అనే తేలిక చెక్కతో పక్కటెముకలు, ముక్కులో చిన్న ఇంజను, నా చేతిలో రిమోటు. మాకున్నది ఒకటే గది. వంటా అందులోనే. పల్చటి చెక్క ముక్కలు గాలికి కదలకూడదని కిటికీ మూసి, ఫ్యాను ఆపేసేవాణ్ణి. గమ్ము ఆరేదాకా ముక్కల్ని అదిమి పట్టుకునేది నాగమణే.

ఓ ఆదివారం అలా పట్టుకుని ఉండగా దగ్గొచ్చింది. అతికిన ముక్క ఊడిపోయింది. "కదలకే, రెక్క వంకరపోతుంది!" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదీ. పాపం, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా వేళ్లు మళ్లీ అక్కడే పెట్టింది.

వారం తిరిగేసరికి ఛాతీలో పిల్లికూతలు. తను మిర్చి గోడౌన్లో తొడిమలు తీసే పనికి వెళ్లేది. మా ఊళ్లో ఎవరు దగ్గినా మిర్చి ఘాటే అంటారు. మేమూ అదే అనుకున్నాం.

ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించి చూసే పీఎఫ్‌టీ పరీక్ష చేయించి, ఆస్తమా అన్నారు. "ఆవిడది మిర్చి పని, సరే. ఇంట్లో మీరేం పని చేస్తారండీ?" అని నన్నడిగారు.

"ఇంట్లో నేనేం చేస్తాను మేడమ్, తినే పని ఒక్కటే!"

ఆవిడ నవ్వారు. నాగమణి దగ్గుతూనే నవ్వింది. ఇన్‌హేలర్ రాసి, మిర్చి పని మాన్పించమన్నారు.

మాన్పించాను. గోడౌన్లో కబుర్లు చెప్పుకునే మనిషి పగలంతా ఇంట్లో పడింది. ఆ మూసిన గదిలో, ఆ గమ్ము వాసనలో, నేను గరుకు కాగితంతో రుద్దిన పొడిలో. దగ్గు పెరిగింది. ఇన్‌హేలర్ డోసు పెంచారు. నీకు అనుమానం రాలేదా అంటారా? వచ్చింది. గమ్ము వాడిన రోజే కూతలు ఎక్కువవడం చూశాను. ఒక్క రెక్కేగా మిగిలింది, అదయ్యాక చూద్దాంలే అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం ఆ రెక్కే రుద్దుతున్నాను. నాగమణి పొయ్యి దగ్గర్నుంచి లేచి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. మాట లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్లాను. క్యాజువాలిటీలో ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ మీద నెబ్యులైజర్ ఇచ్చారు.

డాక్టరమ్మ వచ్చి నా చేతులు చూశారు. మోచేతుల దాకా పొడి, వేళ్లకి ఎండిన గమ్ము.

"ఏంటిది?"

"విమానమండీ."

"జోకులకిదా టైము?"

"కాదు మేడమ్, నిజంగానే విమానం."

అంతా విన్నారు. "ఈ గమ్మూ, పొడీ అన్నీ ఆయాసాన్ని రేపే ట్రిగ్గర్సే. ఆరోజే చెప్పుంటే ఈవిడ ఇక్కడిదాకా వచ్చేది కాదేమో" అన్నారు. తిట్టినా బాగుండేది.

నాలుగు రోజులకి డిశ్చార్జ్ చేశారు. అప్పటికే విమానం సామానంతా నా మోటార్ల షాపుకి మార్చి, గది కడిగాను. కూతలు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు డాక్టరమ్మ ఒప్పుకున్నాకే, మూతికి గుడ్డ కట్టుకుని మళ్లీ గోడౌన్‌కి వెళ్తోంది. ఇన్‌హేలర్ మాత్రం రెండు పూటలా తప్పదు.

చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఏం చేస్తారని డాక్టరు అడిగితే ముగ్గుపిండితో సహా అన్నీ చెప్పండి. పేరు తెలియకపోతే ఆ సీసానే జేబులో వేసుకెళ్లండి.

షాపులోనే విమానం పూర్తిచేసి, మొన్న ఓ ఖాళీ చేలో ఎగరేశాను. అందరూ దాన్ని చూస్తుంటే, నేను గట్టు మీదున్న నాగమణికి ఆయాసం వస్తుందేమోనని చూశాను. విమానం కాస్తా పక్క చేలో పత్తికట్టెల మీద తలకిందులుగా కూలింది. మిగిలింది ఇంటికి తెచ్చి, గదిలో పెట్టి సుత్తి ఎత్తాను. "నీ ఊపిరి తీయబోయినదాన్ని ఇక ఉంచనే!"

నాగమణి నా చెయ్యి పట్టేసుకుంది. "పాపం కడుక్కోవాలంటే వీధిలోకి పోయి కడుక్కోండి. ఇంట్లో దుమ్ము లేపారంటే ఊరుకోను!"