వేంపల్లె దాకా మోసిన పగ

మా ఆయన చెయ్యి వణకడం మొదలై అప్పటికి రెండేళ్లు. నరాల జబ్బన్నారు డాక్టర్లు. అన్నం తనే కలుపుకుంటాడు కానీ చొక్కా గుండీలు నేను పెట్టాలి. వేడి కప్పు ఒక చేత్తో ఎత్తితే ఒలికిపోతుంది. అందుకని కాఫీ సాసర్లో పోసుకుని, రెండు చేతులా పట్టుకుని తాగేవాడు.

కడపలో మా వీధి మొదట్లో అద్దాల కాఫీ షాపు తెరిచినప్పుడు నాకన్నా ఆయనకే ఎక్కువ సంబరం. ముందు గదిలో కాఫీ, వెనక గదిలో గిఫ్టులు. సెంటు కొవ్వొత్తులు, పింగాణీ బొమ్మలు, గండికోట లోయ అచ్చేసిన కప్పులు. సాయంత్రం వాకింగ్ కాగానే ఇద్దరం అక్కడ కూర్చునేవాళ్లం. ముప్ఫై ఏళ్లు వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పశువుల కాంపౌండరుగా సైకిల్ తొక్కిన మనిషి. మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి, "ఈడ ఎంత చల్లగా ఉండాదో చూడు" అనేవాడు, రోజూ కొత్తగా వచ్చినట్టు.

ఒకరోజు పక్కింటావిడ ఫోన్ పట్టుకొచ్చింది.

"ఇది మీ ఆయనే గదా అక్కా? పిలగాళ్లంతా చూసి నవ్వుకుంటాండారు. నీకు చెప్పకుంటే ఎట్లని తెచ్చినా."

షాపు వాళ్లు పెట్టిన వీడియో అది. ఆయన సాసరు ఎత్తడం, అది వణకడం, కాఫీ గడ్డం మీదుగా చొక్కా మీదికి కారడం, అన్నీ దగ్గరగా తీశారు. వెనక సర్కస్ జోకర్ వచ్చేటప్పుడు వాయించేటువంటి సంగీతం. కింద, "మా షాపులో ఈ స్టైల్ కూడా దొరుకును" అని రాశారు.

ఆయనకు తెలియకూడదనుకున్నాను. అప్పటికే తెలిసిపోయింది. వాకింగ్ గ్రౌండులో ఎవరో "సాసర్ సారొచ్చినాడప్పా" అన్నారట. ఇంటికొచ్చి బూట్లు విప్పి మంచం కిందికి తోసేశాడు. "మోకాళ్లు నొస్తాండాయి. ఇంక వాకింగు వద్దులే" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో కూడా నా ముందు కాఫీ తాగేవాడు కాదు. చల్లారిపోయేదాకా పక్కన పెట్టుకుని, నేను పెరట్లోకి పోయాక తాగేవాడు. ఒకసారి కిటికీలోంచి అది చూశాను. నాకు కోపం కొత్త కాదు. పగ ఎట్లుంటుందో మాత్రం ఆ రోజే తెలిసింది.

షాపుకు పోయాను. యజమానురాలు ముప్ఫై దాటని పిల్ల. బెంగళూరులో చదువుకుని వచ్చింది. వీడియో తీసెయ్యమని అడిగాను, మర్యాదగానే.

"సరదాకి పెట్టినాం ఆంటీ. ఎంతమంది చూసినారో తెలుసా? అంకుల్ ఫేమస్ అయిపోయినారు" అని నవ్వింది.

"ఆయనకు జబ్బుమ్మా."

"అయ్యో, మాకేం తెలుసు ఆంటీ. ఇప్పుడు తీసేస్తే జనం ఇంకా ఎక్కువ మాట్లాడుకుంటారు. వదిలెయ్యండి." అంటూ గిఫ్టుల బుట్టలోంచి ఒక కీచైను తీసి నా చేతిలో పెట్టింది. "ఇది అంకుల్‌కి, ఫ్రీ."

కీచైను కౌంటరు మీద పెట్టి వచ్చేశాను. రెండు రోజులు రకరకాలుగా ఆలోచించాను. ఆ అద్దాలకు పేడనీళ్లు కొట్టాలనుకున్నాను. నిజంగానే బకెట్ కూడా చూసి పెట్టుకున్నాను. మా చెల్లెలి కొడుకు ఆ షాపు గురించి ఫోన్లో చెడ్డగా రాశాడు. పొగిడినవాళ్ల మాటల కింద అది ఎక్కడో పడిపోయింది. ఆ పిల్ల ఎవరి బిడ్డో పక్కింటావిడే చెప్పింది. వేంపల్లె దగ్గర పల్లెలో పెద్ద రైతు కుటుంబం. షాపు పెట్టించింది తండ్రే. ఊరి పేరు వినగానే నా మనసు తేలికపడింది. మా ఆయన సైకిల్ ఆ ఊరికి ఎన్నిసార్లు పోయిందో నాకు తెలుసు.

ఆదివారం చెల్లెలింటికని చెప్పి వేంపల్లె బస్సెక్కాను. అక్కడ దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఆదివారం కావాలనే పెట్టుకున్నాను. పెద్దవాళ్ల ఇళ్లలో ఆ రోజు జనం ఉంటారు. ఆ పిల్ల వాళ్లింటి వసారాలో పది మంది దాకా కూర్చుని ఉన్నారు.

"యా ఊరమ్మా నీది? ఏం పని మీద వచ్చినావు?" అని ఆ పిల్ల తండ్రి అడిగాడు.

పక్కకు పిలిచి చూపించొచ్చు. నేనట్ల చెయ్యలేదు. "మీ కూతురు షాపులో తీసిన వీడియో అన్నా. అందరూ చూస్తాండారు, మీరూ చూడండి" అని సౌండు పూర్తిగా పెట్టి ఫోన్ ఆయన చేతికిచ్చాను. పక్కనున్నవాళ్లంతా ముందుకు వంగారు. ఇద్దరు నవ్వారు కూడా. అరుగు మీదున్న ముసలావిడ, ఆయన తల్లి, ఫోన్ దగ్గరికి తీసుకుని కళ్లు చిట్లించి చూసింది.

"ఒరే, ఇది మన గొడ్ల డాక్టరప్ప గదరా. దూడ అడ్డం తిరిగి మన ఎనుము సచ్చిపోతాంటే, మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసినాడే. ఆ పొద్దు ఎండకు ఈడనే సొమ్మసిల్లి పడిపోయినాడు."

నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. ఆ తండ్రి ఫోన్ నాకు తిరిగిచ్చి, "నువ్వు పో తల్లీ. రేపు నేనొస్తా" అన్నాడు.

మరుసటి రోజు సాయంత్రం షాపు నిండా జనం. మూల కుర్చీలో నేను ముందే కూర్చున్నాను, ఆ దృశ్యం పోగొట్టుకోవడం ఇష్టం లేక. ఆ పిల్ల తండ్రి దుమ్ము చెప్పులతో లోపలికొచ్చాడు. కేకలు వెయ్యలేదు. కూతుర్ని కౌంటరు వెనక నుంచి పిలిచి అందరి మధ్యా నిలబెట్టాడు.

"ఆ వీడియో యాడుండాది? పెట్టు."

"నాయనా, లోపలికి పోయి మాట్లాడుకుందాం."

"నువ్వు లోపల తీయలేదు గదా. ఈడనే పెట్టు."

పెట్టింది. ఆ సంగీతం షాపంతా మోగింది. అయ్యాక వీడియోలో ఉన్న మనిషి ఎవరో, ఏం చేశాడో అందరికీ వినపడేట్టు చెప్పాడు. వీడియో తీసేసి తీరాలన్నాడు. మా ఆయన కాళ్లు పట్టుకునేదాకా షాపు తలుపు తీయొద్దన్నాడు. ఆ పిల్ల ఏడుస్తూ చుట్టూ చూసింది. నేను కనపడ్డాను. నేను చూపు తిప్పుకోలేదు. కప్పులో మిగిలిన కాఫీ నిదానంగా తాగాను. అంత రుచైన కాఫీ అంతకు ముందు తాగలేదు, ఆ తర్వాతా తాగలేదు.

పొద్దున్నే ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఎవరి బిడ్డో చెప్పుకుని వంగబోతుంటే మా ఆయన ఆపాడు. "కాళ్లెందుకమ్మా, కూచో. మీ జేజి బాగుండాదా?" అని ఆ పిల్ల నాయనమ్మ సంగతి అడిగాడు. నాకేసి తిరిగి, "ఈ పాపకు కాఫీ ఇయ్యి" అన్నాడు.

"పాలు లేవు" అన్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన ముందుగదిలోకి వస్తూనే ఉంది.

ఆ పిల్ల పోయాక ఆయన అడిగితే జరిగిందంతా చెప్పాను. "నా వణుకు నువ్వు ఊరూరా తిప్పి చూపిచ్చినావా?" అన్నాడు. రెండు రోజులు చొక్కా గుండీలు కూడా నన్ను పెట్టనీయలేదు. మూడో రోజు మంచం కింద నుంచి బూట్లు తీసి, తనే తొడుక్కోవడానికి కుస్తీ పడుతుంటే పోయి లేసులు కట్టాను.

ఇప్పుడు ఆయన ఆ షాపుకు ఒక్కడే పోతాడు. ఆ పిల్ల ఎదురొచ్చి కూర్చోబెడుతుందట. ఉగాదికి మా ఇద్దరికీ రిబ్బను కట్టిన గిఫ్టు పెట్టె పంపింది. "విప్పరాదా, ఏముండాదో చూద్దాం" అని ఆయన అడుగుతూనే ఉంటాడు. బీరువా మీద పెట్టాను. వారానికొకసారి దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెడతాను.