బానెట్టు మీద సుద్ద గుర్తులు

మా ఆళ్లగడ్డలో కార్ల సొట్టలు తీసే టింకరు మేస్త్రీ పోయిన సోమవారం చనిపోయాడు. చనిపోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఉంది. ఏళ్ల తరబడి ఉంది. నా కారు ఈ రోజుకీ ఆయన షెడ్డులోనే బానెట్టు లేకుండా నిలబడి ఉంది.

అది మా నాయన కొన్న అంబాసిడరు. కోయిలకుంట్ల దారిలో శనగ మూటల ట్రాక్టరు గుద్దితే ముందు భాగమంతా నలిగిపోయింది. నంద్యాలలో వెతికి వేరే బానెట్టు తెచ్చి మేస్త్రీ ముందు పెట్టాను. ఆయన దానివైపు చూడనైనా లేదు.

"పాతది బతికే ఉండాది కదప్పా. దీన్నేంటికి తెచ్చినావ్?"

"బేగా అయితాదని తెచ్చినా. మా తమ్ముని కూతురి పెళ్లి ఉండాది."

"పెళ్లికి బానెట్టు పోతాదా, నువ్వు పోతావా?"

పెళ్లికి ఆటోలో పోయాను. మగపెళ్లివారి ముందు ఆటో దిగడం నేను మర్చిపోలేదు. ఆయన్నీ మర్చిపోనివ్వలేదు.

ఆయన పని తీరే వేరు. సుత్తి పట్టకముందు, బండి గుద్దుకున్న సంగతంతా చెప్పించుకునేవాడు. ముందు ఏది తగిలింది, బండి ఏ పక్కకు జరిగింది, ఆఖరున ఏది వంగింది. ఆఖరున వంగినదాన్ని మొదట లేపాలి, మొదట వంగినదాన్ని ఆఖరున. అదీ ఆయన పద్ధతి. కళ్లు మూసుకుని రేకును అరచేత్తో తడిమి, సుద్దముక్కతో సున్నాలు, గీతలు, కొక్కేల్లాంటివి గీసేవాడు. ఆ వరసలోనే దెబ్బ పడాలి. రేకును ఇసుక సంచి మీద వెల్లకిలా పెట్టి చెక్క సుత్తితో మెల్లగా తట్టేవాడు. ఒక పూట తట్టి, నాలుగు రోజులు దాని మొహం చూసేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది.

"ఇంత సొట్టకు ఆ పిల్ల దెబ్బలేంది మేస్త్రీ? నడిమిట్ల గట్టిగా ఒకటి ఎయ్."

"ఏస్తా. ఇంగో సొట్ట వస్తాది. దాన్ని నీ ఇంటికి తీసకపో."

ఆయనకు లప్పం అంటే పడదు. గోడలకు పూసినట్టు సొట్టను లప్పం ముద్దతో పూడ్చి రంగు కొట్టడం దొంగ పని అనేవాడు. ఆయన దగ్గర పని నేర్చిన శిష్యుడొకడున్నాడు, పెళ్లాం పిల్లలున్న మనిషి. మేస్త్రీ ఊర్లో లేని పూట ఒక జీపు తలుపుకు లప్పం పూశాడు. మేస్త్రీ వచ్చి వేలి కణుపుతో తట్టి చూశాడు.

"రేకు పలకల్యా. గోడ పలుకుతాంది. ఏంరా, గోడలు కడతాండావా?"

అందరి ముందూ అన్నాడు. శిష్యుడు ఆ రోజే నంద్యాల పోయి సొంత షాపు పెట్టుకున్నాడు. మళ్లీ ఇద్దరికీ మాటల్లేవు. సర్దుకోమని నేను చెప్పబోతే మేస్త్రీది ఒకటే మాట: "వాని చెయ్యి నా చెయ్యే. వాని తొందర మాత్రం నాది కాదు."

తక్కిన భాగాలన్నీ ఆయన సాపు చేశాడు. మడ్‌గార్డుల మీద అరచెయ్యి జారిస్తే ఎక్కడా తగలదు. అంత మంచి పని నేనింకెక్కడా చూడలేదు. బానెట్టే మిగిలింది. దాని లోపలి వైపంతా గుర్తులు పెట్టి, "రేపట్నుంచి తడతా" అన్నాడు. తెల్లారేసరికి మనిషే లేడు.

మట్టి ఇచ్చిన రోజు శిష్యుడు వచ్చాడు. జనం పోయాక షెడ్డులోకి వెళ్లి బానెట్టు ముందు నిలబడ్డాడు. తాకలేదు. గాలిలోనే వేలిని ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు జరిపాడు, ఆఖరి దాకా. ఎక్కడా తడబడలేదు. నేను వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను.

"నువ్వు చేస్తావారా?"

"ఆయప్ప సుత్తి నేను పట్టుకోనప్పా" అని బస్సెక్కి పోయాడు.

ఆదివారానికి షెడ్డు ఖాళీ చేయాలట, స్థలం వాళ్లు చెప్పిపోయారు. బానెట్టు కదిలితే సుద్ద రాలిపోతుంది. వేరే టింకర్లను అడిగితే అందరూ లప్పం డబ్బానే చూపిస్తున్నారు. ఇది చదివే నంద్యాల వాళ్లారా, నేను పెద్దగా చదువుకోలేదు, చక్కగా రాయడం రాదు. మీలో ఎవరైనా ఆ శిష్యుని షాపుకు పోతే ఇది వానికి చదివి వినిపించండి.

ఒరే అబ్బాయ్, గుర్తుల మీద ఎవరి చెయ్యీ పడకుండా, బట్ట కూడా వాటికి తగలకుండా, వెల్లకిలా ఉన్న బానెట్టు అంచులకు నా పంచె బిగించి కట్టాను. సుత్తి ఆయన పెట్టిన చోటే ఉంది. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వస్తావా, రావా? శనివారం లోపల చెప్పు.