గుండె కూడా కండే

డెబ్భైల మధ్యలో ఆర్మీ నన్ను విశాఖ పోర్టు దగ్గరి ఎయిడ్ పోస్టుకు, అంటే చిన్న వైద్య శిబిరానికి, వేసింది. కూర్మన్నపాలెం దిక్కున ఉక్కు ఫ్యాక్టరీకి భూములు కొలుస్తున్న రోజులు. రైలు దిగేసరికి వాన. రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్, మందుల పెట్టె, వైర్‌లెస్ సెట్టు. అదీ నా సామ్రాజ్యం. మాది కర్నూలు. సముద్రం చూడటం అదే మొదలు. అయినా నర్సింగ్ పని నాకు కొట్టిన పిండి.

గాలివాన వెలిసిన చాలా రోజులకు, వైర్‌లెస్‌లో మా లాంచీ నుంచి సిగ్నలర్ గొంతు పలికింది. "తెప్ప దొరికింది. మనిషి ఒక్కడే. ఊపిరుంది. ఓవర్."

మా పోస్టుకు మోసుకొచ్చారు. జాలరిపేట మనిషి. వల, గాలాలు అన్నీ గాలివానకే పోయాయి. వాననీళ్ళతో బతికాడు. తెడ్డు వేసి రాటుదేలిన భుజాలు ఎముకకు అంటుకుపోయాయి. వెనకే భార్య వచ్చింది, చేపల పులుసు గిన్నెతో.

"ముద్దెట్టనియ్యి బాబూ. బేగి లెగుత్తాడు."

"పెడితే పోతాడమ్మా."

"తిండెడితే పోవడమేటి?"

కూర్చోబెట్టి చెప్పాను. "తిండి లేకపోతే ఒళ్ళు తనను తానే తింటుంది. ముందు కొంత కండ కరిగిస్తుంది. తర్వాత కండను దాచుకుని కొవ్వు మీద నడుస్తుంది. కొవ్వు అయిపోతే మళ్ళీ కండ మీదే పడుతుంది. మీ ఆయనకు కొవ్వెక్కడిది? గుండె కూడా కండేనమ్మా. అదీ అరిగింది. ఒక్కసారిగా కడుపు నింపితే తట్టుకోలేదు."

మా కెప్టెన్ డాక్టరు ఆర్డరు ఒక్కటే. "చెంచాతో గంజి. మించిందా, నీ తోలు తీస్తాను."

ఆమె గిన్నె మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నేను పక్కకు తిరిగితే చాలు, పెట్టేస్తుంది. అందుకే చెంచా ఆమెకే ఇచ్చాను. "ఇక్కడ సెంట్రీవి నువ్వే. నిన్ను దాటి మెతుకు లోపలికి పోకూడదు."

ఇక చూడాలి. పేటంతా గిన్నెలతో దిగింది. అత్తగారిని సైతం గుమ్మంలోనే ఆపేసింది. "నీ కొడుకు గుండి సిక్కిపోనాదత్తా. గంజే. ఎల్లు."

నేను నిశ్చింతగా నిద్రపోయాను. అంత గట్టి సెంట్రీ మా రెజిమెంటులోనూ లేడు.

అతను లేచి కూర్చున్నాక కెప్టెన్ చేపకు ఒప్పుకున్నాడు. ఆమె ముళ్ళు తీసి ముద్ద అందించింది. అతను నోరు తెరవలేదు.

"దీని సెయ్యి సూడండి సార్. నాను కనపడకుండా పోయిన కాడ్నుంచీ టీ నీళ్ళే తాగతందంట."

ఆమెకూ గంజి పట్టడానికి రెండో చెంచా తీశాను. ఇద్దరూ బతికారు.

ఆ తర్వాత బదిలీలు, పింఛను, మళ్ళీ కర్నూలు. ఎన్నో గాయాలకు కట్లు కట్టాను, చాలావరకు మరిచిపోయాను. ముద్ద పట్టుకుని పైకి లేచిన ఆ చెయ్యి మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులన్నీ జారిపోయి మోచేతి దగ్గర ఆగాయి.