మగ్గం గుంతలో హార్మోనియం

నేను బి.ఏ. పాసయ్యాను. ఈ మాట ముందు చెప్పకపోతే తక్కినదేదీ నా నోట రాదు. ఆ రోజూ అంతే. తిరుపతి రైలు స్టేషను బయట ఒకాయన పేపరు చదువుతుంటే, భుజం మీంచి తొంగిచూసి అందులో నా నంబరు వెతుక్కున్నాను.

"ఏమప్పా, పేపరు నీదా నాదా?" అన్నాడాయన.

"పేపరు మీదే సామీ, ఈ నంబరు నాది!" అన్నాను.

ఆ పూటే కొండెక్కి, అమ్మ మొక్కు ప్రకారం తలనీలాలిచ్చి, మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. రేణిగుంటలో బండి మారాక, నిమ్మకాయల గంపతో పక్కన కూర్చున్న అవ్వకు చెప్పాను. పుత్తూరులో ఎక్కినవాళ్ళకు చెప్పాను. అవ్వ నా తల కేసి చూసి, "బియ్యే అయితే గుండు కొడతారా నాయనా?" అని అడిగింది. పెట్టెలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. మా ఇంట్లో అప్పటిదాకా వేలిముద్రలే తప్ప సంతకమన్నది లేదు మరి.

ఏకాంబరకుప్పం స్టేషనులో దిగి నగరిలో మా నేతగాళ్ళ వీధికి పరుగున వచ్చాను. వీధి మొదట్లోనే నా పరుగు దానంతటదే తగ్గిపోయింది. వీధిలో చప్పుడు లేదు. యుద్ధం ముగిసిందని పేపర్లు రాసి ఏడాది కావస్తున్నా మాకు నూలు రావడంలేదు. మగ్గాల మీద పాత గుడ్డలు కప్పి ఉన్నాయి. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని, నీడ ఎటు జరిగితే అటు జరుగుతున్నారు. మొత్తం వీధికి ఒక్క ఇంట్లోంచే చప్పుడు వస్తోంది. అది మా ఇల్లే. కానీ అది మగ్గం చప్పుడు కాదు.

నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గుంతలో మగ్గం లేదు. కాళ్ళతో తొక్కే హార్మోనియం ఉంది.

"నాయనా, పాసయినాను!"

"ఉండ్రా, ఈ వరస కానీ" అన్నాడు తల తిప్పకుండా.

మద్రాసు సత్రంలో తిని బి.ఏ. చదివినవాణ్ణి, ఆ వరస అయ్యేదాకా గడపలోనే నిలబడ్డాను. అది తొందరగా అయ్యే వరసలా లేదు. ఎట్లాగో ముగించి నా వైపు తిరిగి, ఉలిక్కిపడ్డాడు.

"గుండేందిరా! నేనింకా బతికే ఉండాను గదా!"

"అమ్మ మొక్కు నాయనా. బియ్యే పాసయినాను."

నాయన చేతులు పంచెకు తుడుచుకుని, నన్ను దగ్గరికి లాక్కుని, ఆ గుండును ఒక బిందెను తడిమినట్టు అటూ ఇటూ తడిమాడు. అరుగు మీది ముసలాయనకు వినబడేలా, "అయ్యోరా, మావోడు బియ్యే!" అని అరిచాడు.

ఆ అయ్యవారు ఒక నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించేవాడు. కంపెనీ మా ఊళ్ళోనే మూతపడితే, హార్మోనియం పెట్టెతో సహా మా అరుగు మీద ఉండిపోయాడు. నూలు లేక చేతులు ఊరికే ఉండలేక, నలభై అయిదేళ్ళ వయసులో నాయన ఆయన్ని అడిగాడట, "అయ్యోరా, నాకు నేర్పితే వస్తాదా?" అని. "రాదు" అన్నాడట అయ్యవారు. "అయితే నేర్పు. వచ్చి మాత్రం యాడికి పోవాల?" అన్నాడట నాయన.

మొదట అయ్యవారు కుర్చీలో కూర్చోబెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక కుర్చీ ఎరగని నాయనకు నడుము నిలవలేదు. మూడోనాడు నాయనే మగ్గం కొయ్యలు ఊడదీసి అటకెక్కించి, పెట్టెను గుంతలోకి దించాడు. నడుము కుదురుకుంది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. గుంతలోకి దిగిన కాళ్ళు ఇది మగ్గమే అనుకున్నాయి. ఒకటి విడిచి ఒకటి, ఆగి ఆగి, నేత తొక్కుడే తొక్కేవి. స్వరం ఒకసారి ఉబ్బి, ఒకసారి చతికిలబడేది. నాలుగు స్వరాలు పలికించేసరికి కుడిచెయ్యి పైకి లేచి, అటూ ఇటూ నూలు పట్టుకెళ్ళే నాడెను విసిరే తాడు కోసం వెతికేది. తాడు అటక మీద ఉంది. చెయ్యి గాలిని లాగి కిందికి దిగేలోపు ఒక స్వరం పోయేది.

"నాడె పొయిందప్పా, స్వరాన్ని పట్టుకో!" అని అయ్యవారు కేకపెట్టేవాడు.

"యాడ పట్టుకునేది అయ్యోరా, తెగిపోయినాది! ముడేసుకోని మళ్ళీ వస్తా" అని నాయన మొదటికి వెళ్ళేవాడు.

అమ్మ వంటింట్లోంచి, "మగ్గం పోయి మేళం వచ్చినాది ఇంటికి" అని సణిగేది. కానీ సంకటి గెలికే తెడ్డు అయ్యవారి తాళానికే తిరగడం ఆ పూటే నేను చూశాను.

ఆ మధ్యాహ్నం నన్నూ గుంతలోకి దించారు. చేతులు గుర్తుంటే కాళ్ళు మరిచిపోయాను, కాళ్ళు గుర్తొచ్చేసరికి చేతులు నావి కాలేదు. పెట్టె తల్లి కోసం అరిచే దూడలా అరిచింది. "అన్నేండ్లు సదివినావు, నాలుగు స్వరాలు నేర్పలేదంట్రా నీకు?" అని నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మగ్గం ఆడుతున్న రోజుల్లో ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పొద్దువాలుతుండగా వీధిలో దండోరా వేశారు. నూలు రాబోతోంది. మర్నాడు పొద్దున సర్కారు గుమాస్తా వచ్చి ఇల్లిల్లూ చూస్తాడు. మగ్గం ఉన్న ఇంటికే నూలు చీటీ.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చింది. "పెట్టె పైకి తీయండి. ఇద్దరూ పట్టుకుంటే పొద్దుమునిగేలోగా మగ్గం నిలబడతాది."

నాయన లేచాడు కూడా. వద్దన్నది నేను.

"ఎందుకమ్మా? అటక మీదుంటే మాత్రం మగ్గం కాదా? నేను మాట్లాడతాను గదా. ఇంగ్లీషులో మాట్లాడతాను."

నాయన అమ్మ కేసి చూశాడు. "ఇంగ్లీషులో మాట్లాడతాడంట" అన్నాడు మెల్లగా, మళ్ళీ కూర్చున్నాడు. ఆ సాయంత్రం మొదటి వరస తప్పు లేకుండా ఒక్కసారి పలికింది. మేం నలుగురం ఏదో పంట ఇంటికి చేరినట్టు సంబరపడ్డాం.

పొద్దున గుమాస్తా చంకలో రిజిస్టరుతో వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే నేను బి.ఏ. అని చెప్పేశాను. రాత్రంతా కూడబలుక్కున్న ఇంగ్లీషు ఒక్క మాట తప్పిపోకుండా అప్పజెప్పాను. ఆయన చివరిదాకా విని, "బాగా మాట్లాడినావప్పా. మగ్గం యాడుండాది?" అన్నాడు.

"అటక మీద."

"గుంతలో ఏముండాది?"

తనే వంగి చూసుకున్నాడు. ఆయన ఒక అచ్చుకాగితం నా చేతికిచ్చి, "సదువుకున్నోడివి, నువ్వే సదువు" అన్నాడు. చదివాను. నిలబెట్టి ఉన్న మగ్గాలకు మాత్రమే అని ఉంది. పైకి చదవలేదు.

"ఒక గడియ ఆగు సామీ, ఇప్పుడే దించుతాము" అంది అమ్మ.

"వీధి అంతా ఉండాదమ్మా ఇంకా. అయినా బియ్యే కొడుకుండే ఇంటికి నూలెందుకు? లేనోళ్ళకు పోనీ."

కోపంగా అనలేదు. మంచిమాట చెప్పినట్టే చెప్పాడు. రైల్లో అవ్వకు చెప్పినంత సంతోషంగా ఈయనకూ చెప్పాను. ఆ మాటే మా ఇంటిని చీటీల్లోంచి కొట్టేసింది. ఆయన రిజిస్టరులో ఇంగ్లీషులో ఏవో రెండు ముక్కలు గీకి పక్కింటికి వెళ్ళిపోయాడు.

"ఏం రాసినాడ్రా?" అన్నాడు నాయన.

"మగ్గం లేదని."

"ఇంకో గడిలో కూడా రాసినాడే, సూసినాను."

"అది వృత్తి గడి నాయనా. సంగీతం అని రాసినాడు."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. నాయన గుంత కేసి తిరిగాడు.

"అబద్ధం రాసినాడే" అన్నాడు. "నాకింకా రెండో వరసే రాలా."

ఆ నూలు చీటీ మాకు ఆ ఏడూ రాలేదు, పై ఏడూ రాలేదు. ఆ పొద్దున నాయన మళ్ళీ గట్టు మీద కూర్చుని గుంతలోకి కాళ్ళు జార్చాడు. అయ్యవారు రెండో వరస ఎత్తి ఇచ్చాడు. నాయన ఒకటి, రెండు, మూడు, నాలుగు స్వరాలు పలికించాడు. కుడిచెయ్యి లేచింది. నాడె పోయిందని అయ్యవారు ఈసారి అనలేదు. చెయ్యి అట్లాగే గాల్లో తాడు కోసం వెతుకుతూ ఉండిపోయింది. కింద కాళ్ళు మాత్రం ఒకటి విడిచి ఒకటి తొక్కుతూనే ఉన్నాయి.